బండి ఖర్చు వేరు, సంచి ఖర్చు వేరు

ప్రశ్న: నమస్కారమండి. మా అపార్ట్‌మెంట్ సంఘానికి ఈ ఏడాది నేను కార్యదర్శిని. ఇంటింటి చెత్త సేకరణకు డబ్బులు వసూలు చేయాలనుకుంటున్నాం, ఎలా చేస్తే బాగుంటుందో రాసి పంపండి అని మా నగరపాలక సంస్థ సంఘాలన్నింటినీ అడిగింది. మూడు దారులు ఇచ్చారు: ఇంటికి ఇంత అని అందరికీ ఒకటే మొత్తం, ఆస్తి పన్నులో కలిపేయడం, లేదంటే వేసిన చెత్తను బట్టి సంచికి ఇంత. మీటింగ్ పెడితే పెద్ద గొడవైంది. కింద ఫ్లోర్‌లో పెద్దాయన, ఆయన భార్య ఇద్దరే ఉంటారు. "మేము వారానికి ఒక చిన్న సంచి కూడా నింపం, ఏడుగురున్న ఇంటితో సమానంగా ఎందుకు కట్టాలి" అన్నారాయన. ఆ ఏడుగురున్న ఇంటావిడ "చంటిపిల్ల డైపర్లు, మంచం మీదున్న మా అత్తగారి డైపర్లు, వీటికి కూడా సంచి లెక్క కడితే మేమేమైపోవాలి" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంకొకాయన "ఆస్తి పన్ను కడుతూనే ఉన్నాం, మళ్లీ ఇదేంటి" అని లేచి వెళ్లిపోయారు. సంచి లెక్క పెడితే పక్కనున్న ఖాళీ స్థలం రాత్రికి రాత్రే నిండిపోతుందని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. పది రోజుల్లో అభిప్రాయం పంపాలి. ఏం రాయమంటారు?

సమాధానం: నమస్కారమండి. మీటింగ్‌లో గొడవ జరిగిందని మీరు బాధపడుతున్నారు గానీ, మీ ఉత్తరం చదివితే నాకు మాత్రం అక్కడ మాట్లాడిన వాళ్లంతా నిజమే చెప్పారనిపించింది. మరి గొడవెందుకైందంటే, ఒక్కొక్కరూ ఒక్కో ఖర్చు గురించి మాట్లాడారు, కార్పొరేషన్ వాళ్లేమో అన్నింటినీ కలిపి చెత్త చార్జీ అని ఒకే పేరు పెట్టి అడిగారు. ముందు ఆ ముడి విప్పుదాం.

ఇంటి చెత్త తీసుకెళ్లడంలో రెండు రకాల ఖర్చులుంటాయి. మొదటిది బండి మీ వీధికి రావడానికి అయ్యేది. డ్రైవర్ జీతం, చెత్త ఎత్తే కార్మికుల జీతాలు, డీజిల్, రిపేర్లు, బండి కొనడానికి చేసిన అప్పు. మీరు ఆ రోజు సంచి నిండా ఇచ్చినా, అసలేమీ ఇవ్వకపోయినా బండి రావాల్సిందే, కాబట్టి ఈ ఖర్చు పెద్దగా మారదు. రెండోది సంచిలో ఉన్నదాని వల్ల అయ్యే ఖర్చు. దాన్ని ఊరి బయటికి మోయాలి, వేరు చేయాలి, మిగిలిందాన్ని పూడ్చాలి లేదా కాల్చాలి, పూడ్చిన చోట ఊరే మురికినీళ్లు భూమిలోకి దిగకుండా, కుళ్లిన చెత్తలోంచి వచ్చే మీథేన్ గ్యాస్‌కి నిప్పంటుకోకుండా ఏళ్ల తరబడి కాపలా కాయాలి. ఇది మాత్రం చెత్త ఎంత వస్తే అంత పెరుగుతుంది. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. బండి ఖర్చు అందరం కలిసి, ఎవరి స్తోమతకు తగ్గట్టు వాళ్లం మోయాలి. సంచి ఖర్చు ఎవరి సంచిని బట్టి వాళ్లు పెట్టుకోవాలి, అది కూడా వేరు చేయకుండా కలిపి పారేసిన చెత్తకు మాత్రమే. మీకిచ్చిన మూడు దారుల్లో ఒకటి ఎంచుకోమన్నారు కాబట్టే చిక్కు వచ్చింది, ఒక్కటే అయితే ఏది ఎంచుకున్నా ఎవరికో ఒకరికి అన్యాయం జరుగుతుంది.

ఇంటికి ఇంత అని అందరికీ ఒకటే మొత్తం పెట్టే పద్ధతి వసూలు చేసేవాళ్లకు చాలా సులువు. లెక్కలు అక్కర్లేదు, వాదనలుండవు. కానీ ఒక్క గదిలో బతికే కుటుంబానికీ పెద్ద బంగళాకీ ఒకే బిల్లు వస్తుంది, తక్కువ సంపాదించేవాళ్లకు అదే మొత్తం ఎక్కువ బరువు. పైగా ఎంత వేసినా అంతే కదా అనే ఆలోచన ఇంట్లో అందరికీ అలవాటైపోతుంది, వేరు చేసి ఇచ్చే ఇంటికీ అన్నీ ఒకే కవర్లో కుక్కే ఇంటికీ తేడా లేనప్పుడు వేరు చేసేవాళ్లు కూడా కొన్నాళ్లకు మానేస్తారు. మీ కింద ఫ్లోర్ పెద్దాయన అడిగింది ఈ సగం వరకు న్యాయం. ఆయనకు ఒక్క మాట నెమ్మదిగా చెప్పండి: ఆయన సంచి చిన్నదే, కానీ బండి ఆయన కోసం కూడా వస్తోంది, కాబట్టి బండి వంతు ఆయన కూడా కట్టాలి, సంచి వంతు మాత్రం ఆయనకు బాగా తగ్గాలి.

ఇక ఆస్తి పన్నులో కలపడం. బండి ఖర్చుకు ఇది మంచి దారి అని నేను గట్టిగా నమ్ముతాను. చెత్త ఎత్తడం అంటే ఆ ఇంటికి చేసే సేవ మాత్రమే కాదండి, పక్కింటి చెత్త కుళ్లితే దోమలు మన ఇంట్లోకి కూడా వస్తాయి. డబ్బులు కట్టలేదని ఒక ఇంటి చెత్త వదిలేస్తే జబ్బు పడేది వీధంతా. అందుకే ఈ భాగం వీధి దీపాలకు కట్టినట్టు, ఇంటి విలువను బట్టి, ఎవరినీ వదలకుండా అందరి నుంచీ రావాలి. కానీ సంచి ఖర్చు కూడా అందులోనే దాచేస్తే అసలు చెత్తకు ఖర్చుందనే సంగతే జనం మర్చిపోతారు. అమెరికాలో శాన్ డియేగో నగరం 1919లో చేసిన ఒక చట్టం వల్ల విడి ఇళ్లవాళ్లకు వేరే చార్జీ లేకుండా చెత్త ఎత్తుతూ వచ్చింది. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఎక్కువగా ప్రైవేటు బండ్లకు సొంత డబ్బులు కట్టుకోవాల్సి వచ్చేది, వాళ్లూ పన్నులు కట్టేవాళ్లే అయినా సరే. అది మార్చడానికి 2022లో ఓటింగ్ పెడితే చాలా స్వల్ప తేడాతో నెగ్గింది, కొత్త చార్జీ 2025లో మొదలైంది. నూరేళ్లు ఉచితమని అనుకున్నదానికి బిల్లు వస్తే ఆ జనానికి ఎంత కోపం వచ్చి ఉంటుందో ఊహించండి. ఖర్చు కనపడకుండా ఎంతకాలం దాస్తే అంత కష్టం తర్వాత.

ఇంకో తప్పుడు దారి కూడా ఉంది, మీ కార్పొరేషన్ దాన్ని అడగలేదు గానీ మీటింగ్‌లో ఎవరైనా అనొచ్చు. చెత్తను కొలవలేం కాబట్టి ఇంకేదో కొలిచి దాన్ని బట్టి వేయడం. తైవాన్‌లోని తైపేలో ఒకప్పుడు చెత్త చార్జీని నీళ్ల వాడకాన్ని బట్టి నీటి బిల్లులో వేసేవాళ్లు. నీళ్లు ఎక్కువ వాడిన ఇంటి నుంచి చెత్త ఎక్కువ వస్తుందని లెక్క. అంటే చెత్త సగానికి తగ్గించుకున్నా బిల్లు తగ్గదు, ఇంట్లో బట్టలు ఎక్కువగా ఉతికితే మాత్రం చెత్త చార్జీ పెరుగుతుంది! 2000లో తైపే దాన్ని వదిలేసి సంచికి ఇంత అనే పద్ధతిలోకి మారింది.

సంచి పద్ధతి కొత్తదేమీ కాదు. స్విట్జర్లాండ్‌లో సెయింట్ గాలెన్ 1975లోనే మొదలుపెట్టింది, జ్యూరిక్ 1993లో తెచ్చింది, దక్షిణ కొరియా 1995 జనవరి 1న దేశం మొత్తానికి ఒకేసారి అమలు చేసింది. పద్ధతి చాలా తేలిక. నగరం గుర్తు ముద్రించిన సంచులు దుకాణాల్లో అమ్ముతారు, చెత్త చార్జీ ఆ సంచి ధరలోనే ఉంటుంది, కలిపిన చెత్తను ఆ సంచిలో వేస్తేనే తీసుకెళ్తారు. కాగితం, సీసాలు, డబ్బాలు లాంటివి వేరు చేసి ఇస్తే సంచి కొనక్కర్లేదు. ఇంటింటికీ బిల్లు పంపడం, కట్టారా లేదా అని తిరగడం ఉండదు. అద్దెకున్నవాళ్లూ సొంతవాళ్లూ అందరూ ఎవరు వాడిన సంచికి వాళ్లే కడతారు. కొరియాలో ఇది వచ్చిన తర్వాత తలసరి ఇంటి చెత్త తగ్గింది, వేరు చేసి ఇచ్చేది బాగా పెరిగింది. వేరు చేసినదాన్ని ఉచితంగా తీసుకోవడమే దీనికి ప్రాణం. వేరు చేసినా డబ్బే, చేయకపోయినా డబ్బే అంటే అది ఇంకో పన్ను అయిపోతుంది, అంతే.

అయితే మీవాళ్ల భయాలను నేను కొట్టిపారేయను, ఎందుకంటే అవి నిజమైన సందర్భాలున్నాయి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో షార్లట్స్‌విల్ అనే చిన్న నగరం 1992 జులైలో సంచికి 80 సెంట్ల చార్జీ పెట్టింది, అంటే డాలర్ కన్నా కాస్త తక్కువ. డాన్ ఫుల్లర్టన్, థామస్ కిన్నమన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 75 ఇళ్ల చెత్తను చార్జీ రాకముందు, వచ్చిన తర్వాత తూకం వేసి చూశారు, వాళ్ల అధ్యయనం 1996లో అచ్చయింది. సంచుల సంఖ్య 37 శాతం తగ్గింది. బరువు మాత్రం 14 శాతమే తగ్గింది. అంటే జనం చెత్త తగ్గించిన దానికన్నా, అదే సంచిలో తొక్కి కుక్కింది ఎక్కువ. ఆ తగ్గిన కొద్దిలోనూ నాలుగో వంతుకు పైగా, వాళ్ల అంచనా ప్రకారం 28 శాతం, ఎక్కడో అక్రమంగా పారేసినది అయి ఉండొచ్చన్నారు. చెత్త డబ్బా సైజును బట్టి 1981 నుంచే చార్జీ వేస్తున్న అమెరికాలోని సియాటిల్ నగరంలో అయితే ఇలా డబ్బాలోకి దిగి కాళ్లతో తొక్కే అలవాటుకు జనం సియాటిల్ స్టాంప్, అంటే సియాటిల్ తొక్కుడు, అని పేరే పెట్టారు.

ఈ తొక్కడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదండి, దాని దెబ్బ కార్మికుల నడుముకు తగులుతుంది. కొరియాలో 100 లీటర్ల సంచులుండేవి, వాటిని పట్టినంతా కుక్కేసరికి ఎత్తేవాళ్లకు గాయాలవుతున్నాయని అక్కడి చాలా స్థానిక సంస్థలు ఆ సైజు తయారు చేయడమే మానేసి, 75 లీటర్లకు దిగాయి. మీరు రాసే అభిప్రాయంలో సంచి గరిష్ఠ సైజు చిన్నదిగా ఉండాలని, బరువుకు కూడా ఒక హద్దుండాలని తప్పకుండా రాయండి. ఈ ఒక్క వాక్యం ఎవరూ రాయరు, ఎందుకంటే మీటింగుల్లో ఎత్తేవాళ్లు ఉండరు.

బరువును బట్టే వేస్తే తొక్కుడు గొడవ ఉండదు కదా అని మీకు అనిపించవచ్చు. చేసినవాళ్లున్నారు. నెదర్లాండ్స్‌లో ఊస్ట్‌జాన్ అనే ఊరు 1993లో డబ్బాకు చిప్ పెట్టి, బండి మీదే తూచి బరువును బట్టి వసూలు మొదలుపెట్టింది, చెత్త బాగా తగ్గింది, అందులోనూ తడి చెత్త ఇంకా ఎక్కువ తగ్గింది. తడి చెత్త బరువు కాబట్టి అది సహజమే. కొరియాలోని చాలా అపార్ట్‌మెంట్లలో తడి చెత్తకు ఇప్పుడు ఇదే పద్ధతి, కార్డు చూపిస్తే డబ్బా మూత తెరుచుకుంటుంది, వేసినది తూచి ఆ ఇంటి ఖాతాలో రాసుకుంటుంది. బాగుంటుంది, కానీ యంత్రాలు కావాలి, అవి చెడిపోతే బాగుచేసేవాళ్లు కావాలి, ముందే పెట్టుబడి కావాలి. మొదటి అడుగులోనే అంత దూరం వెళ్లమని నేను చెప్పను, సంచితో మొదలుపెట్టడం చాలు.

ఇప్పుడు ఆ ఖాళీ స్థలం సంగతి. దీని మీద నేను ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇందులో నేను స్వయంగా తప్పు చేశాను. కొన్నేళ్ల కిందట మేమున్న అపార్ట్‌మెంట్‌లో నేను కూడా కమిటీలో ఉన్నాను. తడి పొడి కలిపి ఇచ్చే ఇళ్లకు జరిమానా వేద్దామని నేనే పట్టుబట్టి తీర్మానం చేయించాను. ఆలోచన మంచిదే అనుకున్నాను. కానీ అప్పటికి మా దగ్గర ఉన్నది ఒకటే పెద్ద డబ్బా, పొడి చెత్త తీసుకెళ్లే బండి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, వేరు చేసి ఇచ్చినవాళ్ల కళ్ల ముందే రెండూ కలిపి ఒకే బండిలో వేసుకుపోయేవాళ్లు. జరిమానా మొదలైన వారానికే మెట్ల కింద, లిఫ్ట్ పక్కన, గోడ అవతల స్థలంలో పేరు లేని కవర్లు కనపడ్డాయి. అవన్నీ విప్పి చేతులతో వేరు చేసింది మా అపార్ట్‌మెంట్ ఊడ్చే ఆవిడ. నెల రోజులు అలా జరిగాక గానీ నాకు తెలియలేదు. మేం ఎవరికీ జరిమానా వేయలేకపోయాం, ఆ జరిమానా మొత్తం ఆవిడ ఒక్కతే తన చేతులతో కట్టింది. ఆ తీర్మానం రద్దు చేసుకుని, ముందు డబ్బాలు కొని, పొడి చెత్తకు వారంలో రెండు రోజులు టైం ఖాయం చేసుకుని, మూడు నెలలు ఎవరినీ ఏమీ అనకుండా అలవాటు చేశాం. తర్వాత జరిమానా అవసరం పెద్దగా రాలేదు.

కాబట్టి నేను చెప్పేది ఏంటంటే, ముందు సేవ, తర్వాత ధర. కొరియాలో 1995లో సంచి ధర పెట్టిన రోజునే వేరు చేసినవి ఉచితంగా తీసుకునే ఏర్పాటు కూడా ఉంది. తైపేలో చెత్తను నేల మీద పెట్టకూడదనే నియమం ఉంది, బండి సంగీతం మోగిస్తూ టైంకి వస్తుంది, జనం సంచి చేత్తో పట్టుకుని వెళ్లి వాళ్లే బండిలో వేస్తారు. అందరి కళ్ల ముందూ ఇవ్వాల్సి వస్తే మామూలు కవర్లో కుక్కి ఇవ్వడం కుదరదు. దొంగతనంగా పారేయడం చీకట్లో జరుగుతుంది, వీధి మూల మీద ఎప్పుడూ తెరిచి ఉండే పెద్ద కుండీ ఉంటే ఇంకా సులువుగా జరుగుతుంది. బండి టైం తప్పకుండా వస్తే కొంత దొంగచెత్త అక్కడే ఆగుతుంది, ఎందుకంటే కొందరు పారేసేది డబ్బు మిగుల్చుకోవడానికి కాదు, బండి వచ్చే టైంకి వాళ్లు ఇంట్లో ఉండరు కాబట్టి. పని వేళలు వేరుగా ఉన్నవాళ్లకు సాయంత్రం ఇంకో వేళ కావాలని కూడా అడగండి.

తొందరపడితే ఏమవుతుందో హాంకాంగ్‌ను చూడండి. 2021లో చట్టం చేశారు, 2024 ఏప్రిల్‌లో మొదలన్నారు, ఆగస్టుకు వాయిదా వేశారు. ఏప్రిల్ నుంచి 14 చోట్ల నమూనాగా నడిపి చూస్తే జనం సిద్ధంగా లేరని, శుభ్రం చేసే కార్మికుల మీద పని పెరిగిపోతోందని, వేరు చేసినది తీసుకునే ఏర్పాట్లు చాలవని తేలింది, మే నెలలో మొత్తం ఆపేశారు. ఆపినందుకు నేను వాళ్లను తప్పు పట్టను, నమూనా నడిపి చూసి ఆగడం మంచి పనే. ఆ నమూనా చట్టం చేసిన రోజుల్లోనే నడిపి ఉంటే ఆ మధ్య ఏళ్లు ఏర్పాట్లకు పనికొచ్చేవి. మీ కార్పొరేషన్‌ను కూడా నగరమంతా ఒకేసారి వద్దని, కొన్ని వీధుల్లో ఆరు నెలలు నడిపి ఫలితం అందరికీ చూపించమని అడగండి. మీ అపార్ట్‌మెంట్ అందులో ఉంటానని ముందుకొస్తే మీ మాటకు విలువ ఇంకా పెరుగుతుంది.

అపార్ట్‌మెంట్ అంటే గుర్తొచ్చింది, మీకు దీన్లో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. కార్పొరేషన్ మొత్తం బిల్డింగ్‌కు కలిపి సంచులు లెక్కపెట్టి ఒకే బిల్లు ఇస్తానంటే ఒప్పుకోకండి. మీకు 60 ఇళ్లున్నాయనుకోండి, నేను కష్టపడి ఒక సంచి తగ్గిస్తే నాకు మిగిలేది అందులో 60వ వంతు. పక్కవాళ్లు ఒక సంచి పెంచితే వాళ్లకు పడేది కూడా 60వ వంతే. ఎవరు మాత్రం పట్టించుకుంటారు? ధర ముందే కలిపిన సంచి అయితే ఈ చిక్కు లేదు, అందరూ ఒకే చోట వేసినా ఎవరి సంచికి వాళ్లు కట్టేసే ఉంటారు. మామూలు కవర్లు పడుతున్నాయా అని చూసుకోవడం ఒక్కటే సంఘం పని. చిన్న సైజు సంచులు తప్పనిసరిగా ఉండాలి, లేకపోతే మీ పెద్దాయన లాంటివాళ్లు పెద్ద సంచి కొని సగం ఖాళీగా ఇవ్వాలి, లేదంటే నిండేదాకా ఇంట్లో కుళ్లబెట్టుకోవాలి. సియాటిల్‌లో 12 గ్యాలన్ల బుల్లి డబ్బా కూడా ఉంది, అంటే దాదాపు 45 లీటర్లు, దానికి చార్జీ తక్కువ. కొరియాలో అయితే 5 లీటర్ల సంచి కూడా దొరుకుతుంది.

ఆ ఏడుగురున్న ఇంటావిడ గురించి ఎక్కువ ఆలోచించాను. ఆవిడ కన్నీళ్లకు ఏ సిద్ధాంతమూ జవాబు చెప్పలేదు. చెత్త తగ్గించుకోవడం చేతిలో లేని ఇళ్లుంటాయి, చంటిపిల్లలున్న ఇల్లు, మంచం పట్టినవాళ్లున్న ఇల్లు. వాళ్ల మీద ధర పెడితే డైపర్లు తగ్గవు, బాధ పెరుగుతుంది. స్విట్జర్లాండ్‌లో చాలా ఊళ్లు పసిపిల్లలున్న ఇళ్లకు కొన్ని సంచులు ఉచితంగా ఇస్తాయి, కొరియాలో ప్రభుత్వ సహాయం మీద బతికే పేద కుటుంబాలకు ఉచితంగా ఇస్తారు. ఇక్కడ ఒక చిన్న కిటుకుంది: ధర తగ్గించొద్దు, సంచులు లెక్కపెట్టి ఇవ్వాలి. అలా ఇస్తే వాళ్ల మీద భారం పడదు, తమకిచ్చిన సంచులు దాటితే ధర ఉంటుంది కాబట్టి మిగతా చెత్త వేరు చేసే అలవాటు కూడా పోదు. ఆఫీసుల చుట్టూ తిరిగి అడుక్కోవాల్సిన పని పెట్టకుండా, బిడ్డ జననం నమోదైనప్పుడే, డాక్టర్ రాసిచ్చిన ఒక్క కాగితంతోనే ఇవ్వాలని రాయండి. ఆవిడ పేరు ఎక్కడా రాయకుండా ఆవిడ మాటలు ఉన్నవి ఉన్నట్టే మీ అభిప్రాయంలో పెట్టమని నా మనవి.

ఇక లేచి వెళ్లిపోయిన ఆయన. "కడుతూనే ఉన్నాం కదా" అనే మాటను తేలిగ్గా తీసుకోకండి, ఈ మాట మీద చెత్త బండ్లే ఆగిపోయిన నగరం ఉంది. ఐర్లండ్‌లో 2003లో డబ్లిన్‌లో చెత్త చార్జీలకు వ్యతిరేకంగా జనం బండ్లకు అడ్డం నిలబడ్డారు, జో హిగ్గిన్స్ అనే పార్లమెంటు సభ్యుడు, క్లేర్ డేలీ అనే కౌన్సిలర్ జైలుకు కూడా వెళ్లారు. పన్నులు కడుతున్నవాళ్ల దగ్గర రెండోసారి తీసుకుంటున్నారన్నదే అక్కడ కూడా కోపం. దీనికి జవాబు మాటలతో రాదు, లెక్కలతో రావాలి. ఇప్పుడు ఆస్తి పన్నులోంచి చెత్తకు ఎంత ఖర్చు పెడుతున్నారు, కొత్తగా సంచుల మీద ఎంత వస్తుందని అంచనా, అలా వచ్చినదాంట్లో పాత పన్ను ఎంత తగ్గుతుంది లేదా ఏ కొత్త సేవ పెరుగుతుంది, ఈ నాలుగూ ఒకే పేజీలో చూపించమని అడగండి. సంచుల డబ్బు వేరే ఖాతాలో ఉండాలి, చెత్త పనికి తప్ప ఇంకెందుకూ తీయకూడదు. ఈ పేజీ చూపించలేకపోతే చార్జీ మొదలుపెట్టకూడదని రాయడానికి మొహమాటపడకండి.

అసలు మొత్తం ఖర్చూ సంచుల మీదే రాబట్టాలని చూస్తే ఇంకో ప్రమాదముంది. జనం నిజంగానే చెత్త తగ్గించారనుకోండి, సంచుల అమ్మకం పడిపోతుంది, బండి ఖర్చు మాత్రం అలాగే ఉంటుంది, అప్పుడు సంచి ధర పెంచుతారు. బుద్ధిగా వేరు చేసినవాళ్లకు దక్కేది ధర పెంపు! ఒకసారి అలా జరిగితే మళ్లీ ఎవరూ నమ్మరు. కొరియాలో కూడా సంచులమీద వచ్చే డబ్బు మొత్తం ఖర్చుకు సరిపోదు, మిగతాది స్థానిక బడ్జెట్ నుంచే వస్తుంది. నేను మొదట బండికి వేరే, సంచికి వేరే అన్నది ఇందుకే. సంచి ధర ఎంతుండాలంటే, వేరు చేద్దాంలే అనిపించేంత ఉండాలి, రాత్రిపూట మోసుకెళ్లి ఎక్కడో పారేద్దామనిపించేంత ఉండకూడదు. మొదట తక్కువతో మొదలుపెట్టి చూసి పెంచడం ఎప్పుడూ మేలు.

కార్మికుల గురించి ఇంకొకటి. వేరు చేసిన పొడి చెత్త మీద ఇప్పటికే బతుకుతున్నవాళ్లుంటారు, వీధుల్లో ఏరుకునేవాళ్లు. కొత్త పద్ధతి వచ్చి ఆ చెత్తంతా ఒక కాంట్రాక్టర్ చేతికి పోతే వాళ్ల నోటి దగ్గరి కూడు తీసినట్టే. పుణెలో చెత్త ఏరుకునేవాళ్లే సహకార సంఘంగా ఏర్పడి, స్వచ్ఛ్ అనే పేరుతో 2008లో నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. ఇంటింటికీ వెళ్లి చెత్త తీసుకుంటారు, ఇళ్లవాళ్లు కట్టే డబ్బు నేరుగా వాళ్లకే అందుతుంది, అమ్ముకోగలిగిన పొడి చెత్త మీద హక్కు కూడా వాళ్లదే. ఇలా చేస్తే ఎవరికి కడుతున్నామో కట్టేవాళ్లకు కూడా తెలుస్తుంది.

కంపెనీల వంతు కూడా ఉంది, దాని మీద ఎక్కువ రాయను, మీ ఉత్తరం దాని గురించి కాదు. ప్యాకింగ్ ఎంత ఉండాలో మనం నిర్ణయించట్లేదు కదా, అది తయారుచేసినవాళ్లే ఆ ఖర్చు పెట్టుకోవాలని జర్మనీ 1991లోనే నియమం చేసింది. మన వరకు వచ్చే బిల్లులో ఆ భాగం ఉండకూడదని ఒక వాక్యం రాస్తే చాలు.

పంపాల్సిన కాగితం ఒక్క పేజీ దాటనివ్వకండి. బండి ఖర్చు ఆస్తి పన్నులో, విడిగా ఒక గీత గీసి చూపిస్తూ ఉండాలి. కలిపిన చెత్తకు ముందే ధర కట్టిన సంచులు, చిన్న సైజులతో సహా. వేరు చేసినది ఉచితం. డైపర్ల ఇళ్లకు, పేద ఇళ్లకు లెక్కపెట్టి ఉచిత సంచులు. లెక్కల పేజీ. ఇవన్నీ కొన్ని వీధుల్లో ఆరు నెలలు నడిపి చూశాకే నగరమంతా.

ఇంకా పది రోజులుంది కదా, ఒక పని చేయండి. ఒక వారం పాటు మీ అపార్ట్‌మెంట్ చెత్తను బండికి ఇచ్చే ముందు తడి, పొడి, నిజంగా ఎందుకూ పనికిరానిది అని మూడు కుప్పలుగా తూచండి. ఇంటింటి లెక్క వద్దు, అది మళ్లీ గొడవ, మొత్తం బిల్డింగ్‌ది చాలు. ఎవరి ఇంట్లో వాళ్లే వేరు చేసి ఇచ్చేలా చూడండి, ఊడ్చేవాళ్ల మీద పడనివ్వకండి. లేచి వెళ్లిపోయిన ఆయన్నే ఆ తూకం పుస్తకం రాయమని అడగండి, లెక్క అడిగిన మనిషి కదా, శ్రద్ధగా రాస్తారు. ఆ మూడో కుప్ప బరువు ఎంతుందో కాగితం పైన మొదటి వాక్యంగా పెట్టి పంపండి, కార్పొరేషన్ సంచి ధర వేయబోయేది దాని మీదే.